వైన్ తెలిసినవాళ్లు మింగరు

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. "డాక్టరు గారూ, మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ రెండు సీసాల రెడ్ వైన్ తెచ్చాడు. రోజూ రాత్రి భోజనానికి ముందు ఒక గ్లాసు తాగితే నాన్న గుండెకు మంచిదని చెప్పి వెళ్లాడు. ఆయనకు అరవై ఆరేళ్లు. పదేళ్లుగా షుగరుకూ, బి.పి.కీ మాత్రలు వాడుతున్నారు. మా ఇంట్లో ఇంతవరకు సీసా గడప తొక్కలేదు. ఇది సారా లాంటిదా, టానిక్కు లాంటిదా? ఇవ్వమంటారా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఓ.పి.లో వారానికి ఒకరైనా అడుగుతారు. కాకపోతే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు. ఈవిడ దాపరికం లేకుండా రాశారు కాబట్టి జవాబు కూడా అలాగే ఇస్తాను. ఇవ్వకండి. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే, "మన డాక్టర్లకు వైన్ సంగతి ఏం తెలుసమ్మా" అని అబ్బాయి ఫోనులో అంటాడు. అందుకని ముందు వైన్ సంగతి చూద్దాం. అదేమీ చెప్పకూడని విషయం కాదు. వేల ఏళ్ల చరిత్ర ఉన్న వ్యవసాయ విద్య అది.

మొదటి చిక్కు మన మాటలతోనే వచ్చింది. తెలుగులో జబ్బు తగ్గించేదీ మందే, మత్తెక్కించేదీ మందే. "మందు అలవాటు ఉందా?" అని నేను అడిగితే, "రోజూ మూడు పూటలా వేసుకుంటున్నానండీ" అంటూ మాత్రల చీటీ తీసి చూపించిన పెద్దవాళ్లున్నారు. ఇక ఏ ఊళ్లో చూసినా వైన్స్ అని బోర్డు కట్టిన దుకాణం ఉంటుంది. లోపల అమ్మేది మాత్రం విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. నిజంగా వైన్ కావాలంటే దుకాణం కుర్రాడు పై అరలో వెతికి, దుమ్ము దులిపి ఇవ్వాలి. అందువల్ల కొందరికి వైన్ అంటే ఏదైనా సారాయే. మరికొందరికి అది కాస్త పులిసిన ద్రాక్షరసం. రెండు అభిప్రాయాలూ సరికావు.

ద్రాక్షరసం వైన్ ఎలా అవుతుంది?

ఇడ్లీపిండి పులియడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిండిలో కంటికి కనిపించని జీవులు పనిచేసినట్లే, ద్రాక్షరసంలో ఈస్టు అనే సూక్ష్మజీవి పండులోని చక్కెరను తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. వైన్ పులియడానికీ, చెడిపోవడానికీ సూక్ష్మజీవులే కారణమని పరిశోధించి, 1866లో ఒక గ్రంథమే రాశాడు లూయీ పాశ్చర్. కుక్కకాటు మందు కనిపెట్టిన పాశ్చరే. మనం పాలు కాచే పద్ధతికి ఆయన పేరు పెట్టుకున్నాం గాని, ఆ పద్ధతి ఆయన మొదట ఆలోచించింది వైన్ చెడిపోకుండా ఉండడానికి.

చక్కెర అంతా అయిపోయాక మామూలుగా 12 నుంచి 14 శాతం ఆల్కహాలు తయారవుతుంది. దీన్ని బట్టీ పెట్టరు. బట్టీ పెట్టి ఆవిరి పడితే వచ్చేది బ్రాందీ. నల్లద్రాక్ష అయినా రసం తెల్లగానే ఉంటుంది. రంగు తొక్కలో ఉంటుంది. తొక్కలూ గింజలతో సహా పులియబెడితే రెడ్ వైన్, రసం మాత్రం తీసి పులియబెడితే వైట్ వైన్. తొక్క నుంచీ గింజల నుంచీ టానిన్లు అనే వగరు పదార్థాలు వస్తాయి. బలమైన టీ డికాక్షన్ నోట్లో పోసుకుంటే నాలుక బిగుసుకున్నట్లు ఉంటుందే, అది టానిన్ల పనే.

వైన్‌కు వాడే ద్రాక్ష మనం బండి మీద కొనే ద్రాక్ష కాదు. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ పెద్ద పండు, నిండా రసం, తినడానికి ఎంతో బాగుంటుంది. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గింజలెక్కువ. పిల్లలకు పెడితే నోట్లోంచి తీసి పారేస్తారు. ఆ తొక్కలోనే అసలు సరుకంతా ఉంటుంది.

మన ఆయుర్వేదంలోని ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం కూడా ఇలా పులిసినవే. ధాతకీ పుష్పాలు వేసి కుండలో పెడతారు. వాటిలో ఆల్కహాలు దానంతటదే తయారవుతుంది, సీసా మీద ఎంత శాతమో రాసి ఉంటుంది. టానిక్కు అనుకుని కాఫీ కప్పుతో తాగే పెద్దమనుషులు ఆ చిన్న అక్షరాలు ఒకసారి చదవాలి.

పేరున్న వైన్లు

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతం రెడ్ వైన్లకు ప్రసిద్ధి. 1855లో పారిస్‌లో జరిగిన ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ చక్రవర్తి అడిగితే, అక్కడి దళారులు మంచి తోటలను అయిదు తరగతులుగా విడదీశారు. విడదీసింది రుచి పరీక్ష పెట్టి కాదు, అప్పటికి బజారులో ఏది ఎంత ధర పలుకుతోందో చూసి. మొదటి తరగతిలో లఫీట్, లతూర్, మార్గో, ఓబ్రియాన్ నిలిచాయి. 1973లో మూతోన్ అనే తోటను రెండో తరగతి నుంచి మొదటి దానికి ఎక్కించారు. ఇంతకాలంలో చెప్పుకోదగ్గ మార్పు అదొక్కటే. మన సర్వీసు రిజిస్టర్లలో కూడా ఇంత గట్టి సీనియారిటీ లేదు.

బర్గండీ దారి వేరు. అక్కడ మఠాల్లోని సన్యాసులు శతాబ్దాల పాటు ఏ చెక్కలో పండినది ఎలా ఉంటుందో కనిపెట్టి, పొలాలను గట్టుకు గట్టుగా విడదీశారు. ప్రపంచంలోని అతి ఖరీదైన వైన్లలో ఒకటైన రొమనే కోంతీ పండే తోట మొత్తం సుమారు నాలుగున్నర ఎకరాలు. ఒకే గట్టు మీద రెండు మడుల వడ్లకు రెండు రుచులుంటాయని చెప్పే మన రైతుకు ఈ సంగతి వింతగా తోచదు.

షాంపేన్ అంటే బుడగల వైన్. సీసాలో పోశాక మళ్లీ రెండోసారి పులియబెట్టి వాయువును లోపలే బంధిస్తారు. లోపలి ఒత్తిడి కారు టైరులో కన్నా ఎక్కువ. ఆ బిరడా ఎగిరి కంటికి తగిలి చూపు పోయిన కేసులు నేత్రవైద్యుల పుస్తకాల్లో ఉన్నాయి. పెళ్లి రిసెప్షన్లలో ఈ సరదా మన దగ్గరకూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మూతిని ఎవరి ముఖం వైపూ, తమ ముఖం వైపూ పెట్టకూడదు.

హంగరీలో తోకాయ్, ఫ్రాన్సులో సోటెర్న్ అనే తియ్యటి వైన్లను బూజు పట్టిన ద్రాక్షతో చేస్తారు. బొట్రైటిస్ అనే ఆ బూజు తొక్కకు చిల్లులు పొడుస్తుంది, నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. పోర్చుగల్‌లో డౌరో లోయ నుంచి వచ్చే పోర్ట్ వైన్ ఇంకో రకం. రసం సగం పులిసినప్పుడే ద్రాక్షసారాయి కలిపి ఈస్టును చంపేస్తారు. అందుకని చక్కెర మిగిలిపోతుంది, ఆల్కహాలు 20 శాతం దాకా ఉంటుంది. షుగరు రోగికి ఇది రెండు వైపులా దెబ్బ.

మన దేశంలో నాసిక్, బెంగళూరు దగ్గరి నంది కొండలు ఇప్పుడు వైన్‌కు పేరుపడ్డాయి. యూరపులో ద్రాక్షకోత శరదృతువులో జరిగితే, నాసిక్‌లో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, జనవరి నుంచి మార్చి లోపల కోస్తారు. మండువేసవిలో పండు నిలవదు కాబట్టి మన రైతు కాలాన్నే అటు తిప్పాడు.

పాతదైతే మంచిది అన్నది సగం నిజం. చాలా వైన్లు రెండు మూడేళ్లలో వాడేందుకు చేసినవే. బెజవాడ ఎండల్లో ఫ్రిజ్ నెత్తిమీద పెట్టి దాచిన సీసా పదేళ్లకు గొప్పదేమీ కాదు, పాడవుతుంది. మూత తీశాక నాలుగైదు రోజుల్లో రుచి పోతుంది.

పేరు, ధర మనిషిని ఎంత మోసం చేస్తాయో 1976 మే 24న పారిస్‌లో తేలింది. స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వర్తకుడు ఫ్రాన్సు వైన్లనూ, అప్పటికి ఎవరూ లెక్కచెయ్యని కాలిఫోర్నియా వైన్లనూ పేర్లు కనపడకుండా ఫ్రెంచి నిపుణుల ముందు పెట్టాడు. తెల్లదానిలోనూ ఎర్రదానిలోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం వచ్చింది. ఇంకా ముచ్చటైనది 2001లో బోర్డో పరిశోధకులు ప్రకటించిన ప్రయోగం. వైట్ వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి, వైన్ విద్య చదువుతున్న 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లు దాని వాసనను వర్ణించడానికి రెడ్ వైన్ మాటలే వాడారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మింది.

ముక్కుతో చదివే చదువు

పై మాటలు చదివి వైన్ విద్య అంతా బూటకం అనుకోకండి. రంగు చూసి మోసపోయినా, సాధనతో ముక్కుకు పదును వస్తుంది. మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం నిజానికి వాసన. నోట్లో పెట్టుకున్న పదార్థపు ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా ఉప్పూ కారంగా మాత్రమే తగలడానికి కారణం ఇదే.

మన నాలుకలు ఇందులో ఎవరికీ తీసిపోవు. కళ్లు మూసుకుని వాసన చూసి ఇది బంగినపల్లి, ఇది చెరుకురసం అని చెప్పగలవారు ప్రతి ఇంటా ఉన్నారు. వెన్న కాచేటప్పుడు నెయ్యి ఎప్పుడు దించాలో మా అమ్మ వంటింట్లోకి వెళ్లకుండానే వరండాలోంచి చెప్పేది. రెడ్ వైన్ గురించి విదేశీయులు పేజీలకు పేజీలు రాసే గుణానికి మన దగ్గర చిన్నపిల్లవాడికి తెలిసిన మాట ఉంది: వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలేది, అదే. వైన్ తీరు తెలియడానికి పులుపు, వగరు, తీపి, ఆల్కహాలు మంట అనే నాలుగూ ఏ పాళ్లలో ఉన్నాయో గమనించడమే మొదటి పాఠం. ఆ తర్వాతే పండు వాసనలు, పీపా చెక్క వాసనలు.

నిపుణులు ఎలా చేస్తారో చూడండి. గ్లాసులో అడుగున కొంచెం పోస్తారు. తెల్లగుడ్డ ముందు పెట్టి రంగు చూస్తారు. గ్లాసును తిప్పి ముక్కు లోపలికి పెట్టి వాసన చూస్తారు. చెంచాడు నోట్లో పోసుకుని పుక్కిలిస్తారు. తర్వాత పక్కనున్న తమ్మపడిగ లాంటి పాత్రలో ఉమ్మేస్తారు. ఉమ్మడం అక్కడ అమర్యాద కాదు, వృత్తి మర్యాద. రోజుకు యాభై వైన్లు పరీక్షించేవాడు మింగితే పదో వైన్ దగ్గరే బుద్ధి మసకబారుతుంది. ఉమ్మినా కొంత ఆల్కహాలు నోటి పొరలోంచి లోపలికి పోతుంది. అందుకని జాగ్రత్తపరులు ఆ పూట కారు నడపరు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం.

వీళ్లకు వృత్తిలో వచ్చే జబ్బు పంటిది. వైన్ పులుపు పంటిమీది ఎనామెల్‌ను కరిగిస్తుంది. ఏళ్ల తరబడి పుక్కిలించిన నిపుణుల పళ్లు అరిగిపోయి ఉంటాయని దంతవైద్యులు గమనించారు. వెంటనే బ్రష్షు చేస్తే మెత్తబడిన ఎనామెల్ ఇంకా పోతుంది. పులుపు ఎక్కువగా తిన్నా తాగినా కనీసం అరగంట ఆగి తోముకోవాలి. ఇది నిమ్మరసానికీ, కూల్ డ్రింకులకూ కూడా వర్తిస్తుంది.

అంటే వైన్ గురించి ఎంతో తెలిసినవాడు మింగేది తక్కువ. మన ఇళ్లలోకి వచ్చిన "గుండెకు మంచిది" అనే మాటకు మాత్రం మింగడం ఒక్కటే తెలుసు.

సీసాలో సీసం

వైన్ చరిత్రలో డాక్టర్లు చెప్పుకునే కథ ఒకటుంది. 1690ల్లో జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఎబర్‌హార్డ్ గోకెల్ అనే వైద్యుడుండేవాడు. ఆ చుట్టుపక్కల జనం భరించరాని కడుపునొప్పితో, మలబద్ధకంతో, చేతులు చచ్చుబడి బాధపడుతున్నారు. ఆయన చూసే మఠాల్లోని సన్యాసుల్లోనూ అదే జబ్బు. విచారిస్తే ఒక విషయం తేలింది: వైన్ ముట్టని సన్యాసులకు జబ్బు లేదు. వర్తకుడి గుట్టు కూపీ లాగాడు. పుల్లబడిన వైన్‌ను తియ్యగా చేయడానికి లిథార్జి అనే సీసపు భస్మం కలుపుతున్నారు. సీసం విషమే గాని దాని లవణాలు తీపి. గోకెల్ దాన్ని బయటపెట్టాక, 1696లో వుర్టెంబర్గ్ ప్రభువు వైన్‌లో సీసం కలిపితే మరణశిక్ష అని శాసనం చేశాడు.

ఆ కథ నాకు ఎందుకిష్టమంటే, తాగినవాళ్లను చూసి ఊరుకోకుండా, తాగనివాళ్లను కూడా పక్కన పెట్టి పోల్చాడు ఆ వైద్యుడు. గుండె సంగతిలో మేము ఆ పోలిక సరిగా చేయలేదు.

గుండెకు మంచిది అన్న మాట ఎక్కడిది?

1991 నవంబరులో అమెరికా టెలివిజన్‌లో ఒక ప్రసిద్ధ కార్యక్రమం వచ్చింది. ఫ్రెంచివాళ్లు వెన్న, జున్ను, మాంసం దండిగా తింటారు, అయినా గుండెపోట్లు తక్కువ, కారణం రెడ్ వైన్ కావచ్చునని అందులో చెప్పారు. మరుసటి ఏడాది సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి లాన్సెట్ పత్రికలో వ్యాసం రాశాడు. అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. నేను వైద్యం చదువుకున్న రోజులవి. మితంగా తాగేవారికి గుండెపోటు తక్కువ అని మాకూ చెప్పారు. తర్వాత నేనూ కొందరు రోగులకు "ఒక గ్లాసు వైన్ ఫరవాలేదు లెండి" అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగింది? "తాగనివాళ్లు" అనే గుంపులో, జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లు కూడా ఉంటారు. 1988లోనే షేపర్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ సంగతి ఎత్తిచూపాడు. అటువంటి గుంపుతో పోలిస్తే మితంగా తాగేవాడు ఆరోగ్యంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పైగా భోజనంతో ఒక గ్లాసు వైన్ తాగి లేచే మనిషికి సాధారణంగా మంచి ఆదాయం, మంచి తిండి, నడక, డాక్టరు అందుబాటు కూడా ఉంటాయి. ఆ లాభాలన్నీ గ్లాసు ఖాతాలో జమచేశాం.

ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థానికి కూడా గొప్ప పేరొచ్చింది. 2006లో కొవ్వుతిండి పెట్టిన ఎలుకలకు అది ఇస్తే బాగా బతికాయని వార్త. కాని లీటరు రెడ్ వైన్‌లో అది కొన్ని మిల్లీగ్రాములకు మించి ఉండదు. ఎలుకలకిచ్చిన మోతాదును మనిషి బరువు ప్రకారం లెక్కకడితే రోజుకు వందల లీటర్ల వైన్ తాగాలి. ఇటలీలో వైన్‌కు పేరుమోసిన కియాంతీ ప్రాంతంలో, 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్ల పాటు గమనించి, 2014లో ఫలితం ప్రకటించారు. ఒంట్లో రెస్వెరట్రాల్ ఎక్కువున్నవారు ఎక్కువ కాలమూ బతకలేదు, గుండెజబ్బులూ తగ్గలేదు. ఆ పదార్థం వేరుసెనగ గింజల్లోనూ కాస్త ఉంది. ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు తిని తృప్తిపడవచ్చు.

మరోవైపు, ఆల్కహాలు పానీయాలు క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలకు రొమ్ము, ఇవన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. వైన్‌కు మినహాయింపు లేదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

గ్లాసు ఎంత?

అబ్బాయి చెప్పిన గ్లాసు 150 మిల్లీలీటర్లది. 13 శాతం వైన్ అయితే అందులో సుమారు 15 గ్రాముల ఆల్కహాలు. మన ఇళ్లలో గ్లాసు అంటే స్టీలు గ్లాసు. తక్కువలో తక్కువ 200 మిల్లీలీటర్లు పడుతుంది. నిండా పోస్తే 20 గ్రాములు దాటుతుంది. అరవై మిల్లీలీటర్ల విస్కీ, అంటే పెద్ద పెగ్గులో ఉండేదీ అంతే. "మా ఆయన విస్కీ ముట్టరండీ, ఒక గ్లాసు వైన్ మాత్రం" అనే ఇల్లాలికి ఈ లెక్క తెలియదు. మిల్లీలీటర్లను శాతంతో హెచ్చవేసి, దాన్ని మళ్లీ 0.8తో హెచ్చవేసి, 100తో భాగిస్తే గ్రాములు వస్తాయి. ఏ సీసాకైనా సరే.

సీసా మీద శాతంతో పాటు సల్ఫైట్లు ఉన్నాయని కూడా రాసి ఉంటుంది. అవి వైన్ చెడకుండా కలిపేవి. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి వీటివల్ల ఆయాసం వస్తుంది.

హెడ్మాస్టరు గారి సంగతి

రెండేళ్ల కిందట ఉదయం ఏడింటికి మా క్యాజువాలిటీకి ఒక రిటైర్డు హెడ్మాస్టరును మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, దవడ బిగుసుకుని ఉంది, పిలిస్తే పలకడం లేదు. నోట్లోంచి వాసన వస్తోంది. వెంట వచ్చిన బంధువు ఒకాయన సిగ్గుపడుతూ, "కాస్త పుచ్చుకున్నారండీ, దిగితే లేస్తారు" అన్నాడు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 34. సాధారణంగా పొద్దున పరగడుపున 70కి తగ్గకూడదు.

రక్తనాళంలోకి గ్లూకోజు ఎక్కించాం. పది నిమిషాల్లో కళ్లు తెరిచి కళ్లజోడు ఎక్కడ అని అడిగారు.

జరిగిందేమిటంటే, అల్లుడు తెచ్చిన వైన్ గుండెకు మంచిదని మూడు వారాలుగా రాత్రిపూట స్టీలు గ్లాసుతో తాగుతున్నారు. ఆ రాత్రి ఆకలి లేదని రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మామూలుగానే వేసుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి చెమటలు పట్టి, ఏదో గొణుగుతూ లేచారు. కోడలు చూసి, "మామయ్య గారికి ఎక్కువైనట్టుంది, పడుకోనివ్వండి అత్తయ్యా" అంది. మూడు గంటలు పడుకోనిచ్చారు.

మనం ఏమీ తిననప్పుడు కాలేయం తన నిల్వలోంచీ, కొత్తగా తయారుచేసీ రక్తంలోకి చక్కెరను వదులుతూ ఉంటుంది. ఆల్కహాలు వచ్చిందంటే కాలేయం ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడి, చక్కెర తయారీ ఆపేస్తుంది. అటు మాత్ర ఇన్సులిన్‌ను పెంచి చక్కెరను దించుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిసే సమయం నడిరాత్రి, ఇల్లంతా నిద్రపోయే వేళ. ఇంకో మోసం ఏమిటంటే చక్కెర పడిపోయిన లక్షణాలూ, మత్తు లక్షణాలూ ఒకేలా ఉంటాయి: తూలడం, తడబడే మాట, కోపం, మగత. నోటి వాసన చూసి ఇంట్లోవాళ్లు మత్తేనని తీర్మానించేస్తారు.

ఆయన్ను ఆ రోజంతా పరిశీలనలో ఉంచాం, ఎందుకంటే ఈ మాత్రల వల్ల పడిన షుగరు ఒకసారి లేచినా మళ్లీ పడవచ్చు. ఆయన భార్య మంచం పక్కన కూర్చుని, "గుండెకు మంచిదంటే నేనే పోసి ఇచ్చాను బాబూ" అని నాలుగైదుసార్లు అన్నారు. ఆవిడకు నేను ఏమీ సమాధానం చెప్పలేకపోయాను. ఆ మాట పదేళ్ల ముందు నా నోటినుంచీ వచ్చిందే.

ఇన్సులిన్ తీసుకునేవారికీ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారికీ ఇదే ప్రమాదం. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రతో వైన్ కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోవచ్చు. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం భయం. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్ వాడేటప్పుడు ముట్టవద్దని ఆ పెట్టెలోని కాగితం మీదే ఉంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారికీ, గర్భిణులకూ ఒక్క చుక్క కూడా వద్దు. ఇంకొక మాట: రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు ఈ వ్యాసం చదివి రేపటినుంచి ఠక్కున మానేయకూడదు. వణుకు, ఫిట్లు, మతిభ్రమ రావచ్చు. ఆస్పత్రికి వచ్చి మానండి.

అలవాటు లేని, ఏ జబ్బూ లేని నడివయసు మనిషి కొడుకుతో కూర్చుని సరదాగా ఎప్పుడో ఒకసారి రుచి చూస్తానంటే, అది ఆయన ఇష్టం. నేను తగవులాడను. గుండె కోసం అని మాత్రం మొదలుపెట్టకండి.

ఇక తెనాలి అమ్మగారికి. మీ అబ్బాయి ప్రేమతోనే తెచ్చాడు. అతన్ని కోప్పడకండి. ఈ పుట చించి ఫొటో తీసి పంపండి. నాన్న వాడే మాత్రల పేర్లు కూడా రాయండి. సీసాలు మూత తీయకుండా చీకటిగా, చల్లగా ఉన్నచోట పెడితే అతను మళ్లీ వచ్చేదాకా ఉంటాయి. ఒకవేళ ఇప్పటికే రెండు మూడు రోజులు ఇచ్చి ఉంటే కంగారు పడకండి. ఈ రాత్రి నుంచి ఆపి, భోజనం మామూలుగా పెట్టండి. వచ్చే నెల చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరుగారికి వైన్ సంగతి దాచకుండా చెప్పండి.

రాత్రివేళ చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే, గ్లూకోమీటరు ఉంటే చూడండి, లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి, మాత్రలు వాడేవారైతే తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఆస్పత్రిలో అడిగిన మొదటి డాక్టరుకే, షుగరు మాత్ర పేరూ, తాగినదీ రెండూ చెప్పండి.